ఆ మందుకు నీళ్లు మొయ్యని మా మేనత్త

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున్నే పర్చూరు వైపు నుంచి ఫోను వచ్చింది. "మీ మేనత్త పోయిందయ్యా" అంది అవతలి ఆడగొంతు. ఏడుపు లేదు. "నిన్న పొద్దుగూకేదాకా చేలోనే ఉంది. ఇంటికొచ్చి అన్నం తిని గోడకి ఆనుకోని కూర్చుంది. అట్టాగే పోయింది. నువ్వొస్తేగానీ ఎత్తేది లేదంటన్నారు. ఎండెక్కక ముందే వచ్చెయ్యి."

ఫోను చేసినావిడ మాకు చుట్టం కాదు. పాతికేళ్ల క్రితం మొగుడి దెబ్బకు మణికట్టు విరిగిన మనిషి. ఇప్పుడు మా మేనత్త నడిపిన ఆడకూలీల ముఠాను నడిపేది ఆవిడే. ఆ మణికట్టు విరగడంలో నాకూ వాటా ఉంది. అది చెప్పకుండా మా మేనత్త గురించి రాస్తే అబద్ధం రాసినట్టే అవుతుంది.

పెద్దకర్మ రోజున ఇంటి ముందు షామియానా వేసి, ఒక మైకు కూడా పెట్టారు. ఎవరో దాన్ని నా చేతికిచ్చి "మైకులో మాట్లాడ్డం నీకేం కొత్తా, నాలుగు ముక్కలు చెప్పు" అన్నారు. అది పట్టుకుని ఎన్నేళ్లయిందో. మైకు వెనక్కిచ్చేసి వచ్చి కూర్చున్నాను. అక్కడ చెప్పలేకపోయిన నాలుగు ముక్కలూ ఇక్కడ రాస్తున్నాను.

ఆమె మా నాన్నకు చెల్లెలు. మనిషి పొట్టి, భుజాలు వెడల్పు. పొద్దున ఆరింటికల్లా పాతికమంది ఆడవాళ్లను వెంటేసుకుని చేలోకి దిగేది. కలుపు తీయడం, పత్తి తీయడం, మిరపకాయ కొయ్యడం, మందు కొట్టేటప్పుడు నీళ్లు మొయ్యడం ఆ ముఠా పనులు. చద్దన్నంలో మజ్జిగ పోసుకుని, పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ గట్టు మీద నిలబడే తినేది. కూర్చుంటే నిద్ర వస్తుందనేది. పని నుంచి తిరిగొచ్చేటప్పుడు ఒక్కొక్కరి నెత్తి మీదా చెయ్యి వేసి లెక్కపెట్టుకునేది. ఆ వెయ్యడం కూడా మెల్లగా కాదు, మొట్టికాయ వేసినట్టే.

ఆమెకు చెయ్యి ముందు లేచేది, మాట తర్వాత వచ్చేది. పెళ్లయిన కొత్తలో మా మామయ్య ఒకసారి ఆమె మీద చెయ్యెత్తాడు. ఆమె చేతిలో ఉన్న పచ్చడిబండతో తిరిగి ఒక్కటిచ్చింది. ముందుపన్ను ఒకటి ఊడి చేతిలో పడింది. ఆ తర్వాత ఆయన ముప్పై ఏళ్లు బతికాడు. ఎవరైనా అడిగితే ఆ సందు చూపించి నవ్వుతూ "మీ అత్త ఇచ్చిన కానుక" అనేవాడు. ఇద్దరూ మళ్లీ కొట్టుకున్నట్టు నేను వినలేదు.

ఆమె దేవతేమీ కాదు. ముఠాలో పని ఎగ్గొట్టిన వాళ్లనూ వీపు మీద చరిచేది. చిన్నప్పుడు నన్ను చింతబరికెతో కొట్టిన దెబ్బలకు లెక్కే లేదు. కొట్టాక పిలిచి నూనె రాసేది. రాస్తూ "నిన్నెందుకు కొట్టానో చెప్పు" అని అడిగేది. చెప్పలేకపోతే "సరే, నాకూ గుర్తులేదు, పో" అనేది. తప్పు చేసినవాడు ఎదురుగా ఉండగా ఆలోచిస్తూ నిలబడ్డం ఆమె వల్ల కాదు. ఈ గుణమే ఒకసారి ఆమెకు అడ్డం తిరిగింది. అడ్డం తిప్పిన వాళ్లలో నేనూ ఉన్నాను.

తొంభైల చివర్లో నేను గుంటూరులో గది తీసుకుని ప్రకటనల జీపులో తిరిగేవాణ్ణి. నా గొంతు బాగుంటుందని పేరు. సినిమాల ప్రచారం, చీరల తగ్గింపు ధరలు, ఎన్నికలు, ఏదైనా చెప్పేవాణ్ణి. అప్పుడే పురుగుమందుల కంపెనీ ఒకటి మా జీపును సీజన్ మొత్తానికీ మాట్లాడుకుంది. ఆ మందు పేరు ఇక్కడ రాయను. రాస్తే మళ్లీ దానికి ప్రచారం చేసినట్టవుతుంది, ఎందుకో ముందు ముందు మీకే తెలుస్తుంది.

ఆ రోజులు మీలో కొందరికి గుర్తుండే ఉంటాయి. పత్తిని పచ్చపురుగు తినేస్తోంది. ఏ మందు కొట్టినా చావడం లేదు. రైతు మందు కొట్టి ఇంటికొచ్చి, మర్నాడు వెళ్లి చూస్తే కాయలో పురుగు హాయిగా కదులుతూ ఉండేది. ఊళ్లో మగవాళ్లందరికీ ఎవరి మీద చూపించాలో తెలియని కోపం. దాన్ని కంపెనీ ఏరియా మేనేజరు బాగా కనిపెట్టాడు. చదువుకున్నవాడు, మెత్తగా మాట్లాడతాడు, అందర్నీ గారు అంటాడు. "మందు గురించి చెప్తే ఎవరూ వినరండీ. వాళ్ల కోపం గురించి చెప్పాలి. గొడవయ్యేట్టు ఏదన్నా ఒక మాట కావాలి" అన్నాడు.

ఆ మాట ఇచ్చింది నేనే. అందరం టీ తాగుతూ కూర్చున్నాం. ఎక్కణ్ణించి వచ్చిందో తెలియదు, నోట్లోంచి దానంతటదే దొర్లింది: "చేలో పురుగైనా, ఇంట్లో పెళ్లామైనా, ఒక్క దెబ్బకే మాట వినాలి!" మేనేజరు లేచి వచ్చి నాతో చెయ్యి కలిపాడు. వారం తిరిగేసరికి జీపుకు రెండు వైపులా పెద్ద గుడ్డ కట్టారు. దాని మీద వీపున మందు కొట్టే పంపు, మీసం, చేతిలో కర్ర ఉన్న రైతు బొమ్మ. అతని కాళ్ల దగ్గర ఒక పక్క ముడుచుకున్న పురుగు, ఇంకో పక్క చేతులు అడ్డం పెట్టుకున్న ఆడమనిషి. రెండూ ఒకే కొలతలో ఉన్నాయి.

గుంటూరులో మహిళా సంఘం వాళ్లు మొదటి వారమే ఆ గుడ్డను చించి తగలబెట్టారు. నేను బెదిరిపోయాను. మేనేజరు ఆ సాయంత్రమే కొత్త గుడ్డ కట్టించి, మాకు కోడిపలావు పెట్టించాడు. "తిట్టనివ్వండి. తిట్టే ప్రతివాళ్లూ మన మందు పేరు పలికే తిట్టాలి కదా. ఆడవాళ్లు ఎక్కువగా ఉన్నచోట జీపు ఆపండి, కొట్టడానికొస్తే ఇంకా మంచిది" అన్నాడు. అప్పట్నుంచి జీపులో నా పక్కన ఒక ఫోటోగ్రాఫరు కూడా ఎక్కాడు. అతని పనల్లా గొడవ కోసం కాచుకుని కూర్చోవడమే.

మా మేనత్త ఊరికి జీపు వెళ్లిన రోజు ఆమె రోడ్డు పక్క చేలో కలుపు తీయిస్తోంది. నేను ఆమెను చూడలేదు. చూసినా ఆపేవాణ్ణని ఇప్పుడు గొప్పలు చెప్పను. మాట పూర్తి చేశానో లేదో, రాయి వచ్చి మైకు గొట్టానికి తగిలింది. రెండో రాయి నా నుదుటికి తగిలింది. కళ్లలోకి రక్తం దిగుతుండగా, చీర పైకి దోపుకుని చేను కొసనుంచి పరిగెత్తుకొస్తున్న మా మేనత్త కనిపించింది. నా చొక్కా పట్టుకుని జీపులోంచి కిందికి ఈడ్చింది. చెప్పుతో చెంపల మీద వాయించింది. కొడవలితో ఆ గుడ్డను నిలువునా చీల్చేసింది.

"ఆ మాట ఎవడు నేర్పాడ్రా నీకు? చెప్పరా, ఎవడు నేర్పాడు?" అని అడుగుతోంది. అడిగిన ప్రతిసారీ ఒక దెబ్బ.

"అత్తా, కంపెనీ వాళ్లు చెప్పమన్నారే" అన్నాను. అబద్ధమే చెప్పాను.

ఫోటోగ్రాఫరు చుట్టూ తిరుగుతూ ఫోటోలు తీసుకుంటున్నాడు. నుదుటికి అయిదు కుట్లు పడ్డాయి. మర్నాడు పేపర్లో చెప్పు ఎత్తిన మా మేనత్త ఫోటో వచ్చింది. నాలుగో రోజుకు అదే ఫోటోతో కంపెనీ కరపత్రం వేసింది. పైన చెప్పెత్తిన ఆమె, కింద మందు డబ్బా. "పురుగుకీ పొగరుకీ ఒకటే మందు" అని రాసి ఉంది. ఆ వారం కొట్లల్లో ఆ డబ్బాలు దొరకలేదు. నా తలకు కట్టు ఉండగానే జీపెక్కి ఆ కరపత్రాలు ఊరూరా పంచాను. సొంత మేనత్త బొమ్మ పంచుతున్నానన్న సిగ్గు నాకు ఉండాల్సింది. ఉద్యోగం కదా అనుకున్నాను.

ఆ ఊళ్లో ఒక కౌలురైతు ఆ మందు మూడుసార్లు కొట్టాడు. పురుగు చావలేదు. అతని భార్య మా మేనత్త ముఠాలో నీళ్లు మోసేది. ఒకరోజు ఆమె చేలో నిలబడి "ఇది కూడా పనిచెయ్యట్లేదయ్యా, ఆపు" అంది. నలుగురు మగవాళ్లు పక్కనే ఉండి విన్నారు. ఎవడో నవ్వి, నేను జీపులో చెప్పే మాట అతనికి అప్పజెప్పాడు. అతను పంపు గొట్టం ఊడబెరికి, ఆ మాటే అంటూ ఆమెను బాదాడు. ఆమె చెయ్యి అడ్డం పెడితే మణికట్టు విరిగింది. పడిపోయాక కాళ్లతో తన్నాడు. పత్తి చెట్లు నలిగి ఆమె కింద పరుపులా అయ్యాయట. అడ్డంపడి ఆమెను బయటికి లాగింది మా మేనత్తే. ఆ పెనుగులాటలో మా మేనత్త వేలిగోరు ఒకటి ఊడిపోయింది. ఆటోలో వేసుకుని గుంటూరు పెద్దాసుపత్రికి తెచ్చింది.

మర్నాడు పొద్దున ఆసుపత్రి నుంచి నడుచుకుంటూ నా గదికి వచ్చింది. తలుపు తీసి రెండడుగులు వెనక్కి వేశాను. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. కింద కూర్చుంది. ఆమె కూర్చోవడం చూస్తేనే నాకు భయమేసింది. చీర మీద ఎండిన రక్తం ఉంది. నేను పోసిచ్చిన నీళ్లు తాగి గ్లాసు పక్కన పెట్టింది.

"కంపెనీవాళ్లు చెప్పమన్నారన్నావు. అబద్ధం గదా" అంది.

తల ఊపాను.

"నాకు తెలుసురా. అది కంపెనీ మాట కాదు, మా అన్న మాట. మీ నాన్నది."

నాకు అర్థం కాలేదు.

"మీ అమ్మకి ఎడం చెవి ఎందుకు వినపడేది కాదో తెలుసా నీకు?"

"చిన్నప్పుడు చెవిలో చీము పట్టిందంట కదా" అన్నాను. మా అమ్మ చెప్పింది అదే. అప్పటికి అమ్మ పోయి ఆరేళ్లయింది. చెవి వినపడక ఒకటి అడిగితే ఇంకొకటి చెప్పేది. నేను ఎగతాళి చేసేవాణ్ణి, విసుక్కుని అరిచేవాణ్ణి.

"చీమూ లేదు, పాడూ లేదు. కూరలో ఉప్పెక్కువైందని మా అన్న చెంప మీద కొట్టాడు. ఆ ఒక్క దెబ్బకే. చెవిలోంచి నెత్తురు కారతా ఉంటే మీ అమ్మ కూలబడిపోయింది. నేను పరిగెత్తుకొచ్చేతలికి ఆయన నిలబడి అంటన్నాడు, ఒక్క దెబ్బకే మాట వినాలే అని. నీకు మూడేళ్లు. మంచం కింద దూరి, రెండు చెవులూ మూసుకోని ఉన్నావు." ఆమె నా మొహంలోకి చూసింది. "మూసుకున్నావు గానీ లోపలికి పోయిందిరా మాట. ఇరవయ్యేళ్లు దాచుకోని జీపులో బయటపెట్టావు."

ఆ గదిలో గోడకు ఆనుకుని చాలాసేపు ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు, తిట్టలేదు. నా ఏడుపు అయ్యేదాకా చీర మీద రక్తపు మరకను గోటితో గీకుతూ కూర్చుంది.

అప్పుడు ఆమెకు అంతా చెప్పేశాను. ఫోటోగ్రాఫరు ఎందుకు ఉన్నాడో, కోడిపలావు ఎందుకు పెట్టారో, గొడవ కోసమే ఆడవాళ్ల ముందు జీపు ఆపుతున్నామని, ఆమె కొట్టిన ప్రతి దెబ్బా వాళ్లకు కావలసిందేనని చెప్పాను. నా జన్మలో చేసిన మంచిపని ఏదైనా ఉంటే అదొక్కటే.

"అయితే నేను చెప్పెత్తినందుకు వాళ్లకి డబ్బాలు అమ్ముడుపోయినయ్యి" అంది.

"అవునత్తా."

"మళ్లీ వెళ్లి జీపు తగలబెడితే?"

"ఇంకా అమ్ముడుపోతాయి."

ఆమె తన కుడిచేతి వంక చూసుకుంది. ఆమె మొహంలో అలాంటి చూపు నేనెన్నడూ చూడలేదు. బతుకంతా ఒక్కటే ఆయుధం వాడిన మనిషికి అది పనికిరాదని చెప్పాను. చివరికి లేచి చీర దులుపుకుంది. "కొట్టగూడదన్నమాట. అదేదో కష్టమే" అని వెళ్లిపోయింది. ఉద్యోగం మానేస్తానని గుమ్మం దాకా వెళ్లి చెప్పాను. మానలేదు. ఇంకో పదిహేను రోజులు అదే జీపులో తిరిగాను, మాట మాత్రం కొంచెం గొంతు తగ్గించి చెప్పేవాణ్ణి. అదీ నా ధైర్యం.

ఆమె చేసిన పని గురించి చెప్పాలంటే ముందు మా వైపు మందు ఎలా కొడతారో చెప్పాలి. మందు డబ్బాలో ఉండేది కాస్తే. దాన్ని డ్రమ్ములకొద్దీ నీళ్లలో కలపాలి. కాలవ నుంచి ఆ నీళ్లు బిందెలతో తెచ్చి గట్టు మీద డ్రమ్ములో పోసేది ఆడవాళ్లు. కలిపి, పంపు వీపున తగిలించుకుని కొట్టేది మగవాళ్లు. బిందె ఎత్తుకున్న మగవాణ్ణి నేను మా చేలల్లో చూడలేదు. మా ప్రకటన గుడ్డ మీద మీసమున్న మగాడున్నాడు, పురుగుంది, దెబ్బలు తినే ఆడది ఉంది. నీళ్లు మోసే ఆడది లేదు. అంత తెలివైన మేనేజరుకూ గుర్తు రాలేదు, అక్కడే పుట్టిపెరిగిన నాకూ గుర్తు రాలేదు. మా మేనత్తకు గుర్తొచ్చింది.

ఆమె ముఠా ఆ మందుకు నీళ్లు మొయ్యడం మానేసింది. వేరే ఏ మందుకైనా మోస్తారు. ఆ డబ్బా మూత తీసిన చేలో మాత్రం ఖాళీ బిందెలు గట్టు మీద బోర్లించి కూర్చుంటారు. అరుపులు లేవు, ఊరేగింపు లేదు. రైతు తిడితే వింటారు. "ఇంకో డబ్బా తెచ్చుకో అన్నా, ఇప్పుడే మోస్తాం" అంటారు. అంతే. పక్క ఊళ్ల ముఠాలకూ సంగతి పాకింది. పదిరోజుల్లో కొట్లవాళ్లు డబ్బాలు వెనక్కి పంపడం మొదలుపెట్టారు.

మేనేజరుకు పిచ్చెక్కినంత పనైంది. రాళ్లు వేస్తే ఫోటో తీయించుకోవచ్చు. గట్టు మీద కూర్చున్న ఆడవాళ్లను తీసి ఏం వేసుకుంటాడు? "మణికట్టు విరిగిన కేసు ఉంది కదండీ, ఆ కౌలురైతు చేలోనే డెమో పెడదాం. మందు మనమే ఇద్దాం. గొడవ అక్కడే ఉంది" అన్నాడు. ఆ చేలో నేను మైకులో చదవాల్సింది ఒక కాగితం మీద రాసిచ్చాడు. అందులో మా మేనత్త గురించి, ఆమె పాతికమంది ఆడవాళ్ల గురించి రాసిన మాటలు ఇక్కడ రాయలేను.

మేం వెళ్లేసరికి పదిగంటల ఎండ. కౌలురైతు పంపు తగిలించుకుని నిలబడ్డాడు. ఊళ్లో మగవాళ్లు యాభైమంది దాకా వచ్చారు. గట్టు మీద వరసగా ఆడవాళ్లు కూర్చున్నారు. మధ్యలో మా మేనత్త, ఆమె పక్కన చేతికి పిండికట్టుతో ఆ కౌలురైతు భార్య. డ్రమ్ము ఖాళీగా ఉంది.

నేను కాగితం చేతిలో పట్టుకుని మైకు నోటి దగ్గర పెట్టుకున్నాను. మా మేనత్త నా వైపు చూసింది. కోపంగా కాదు, వింటానికి సిద్ధంగా. మైకు సీటు మీద పెట్టేశాను. మేనేజరు దాన్ని తీసుకుని మెత్తటి గొంతుతోనే మొదలుపెట్టాడు. "రైతు సోదరులారా, ఈ ఊళ్లో మగవాళ్లు ఆడవాళ్ల అనుమతి లేనిదే మందు కూడా కొట్టుకోలేరని జిల్లా అంతా చెప్పుకుంటున్నారండీ" అన్నాడు. మగవాళ్లలో కదలిక వచ్చింది. మేనేజరు గొంతు పెంచి, చివరికి ఆ మాట, నా మాట, మా నాన్న మాట అన్నాడు.

కౌలురైతు వీపున పంపుతోనే గట్టెక్కి వచ్చాడు. బోర్లించిన బిందెను కాలితో తన్నాడు. మా మేనత్త జుట్టు పట్టుకుని మొహం మీద కొట్టాడు. ఆమె మోకాళ్ల మీద పడింది. పెదవి చిట్లి రక్తం గడ్డం మీదికి దిగింది. ఫోటోగ్రాఫరు కెమెరా కంటికి పెట్టుకున్నాడు. ఆమె లేచింది. కుడిచెయ్యి పైకి లేచింది. ఆ చెయ్యి ఎలా దిగుతుందో తెలిసిన వాళ్లందరం ఊపిరి బిగబట్టాం. ఆమె కన్ను ఆ కెమెరా మీద పడింది. చెయ్యి అలాగే గాలిలో ఆగింది. మెల్లగా దించుకుని, ఉన్నచోటే మళ్లీ కూర్చుంది.

"కూర్చోండే. ఎవురూ లేవగాకండి" అంది ఆడవాళ్లతో.

అతను మళ్లీ చెయ్యెత్తాడు. ఈసారి నేను జీపులోంచి దూకి అడ్డం వెళ్లాను. పంపు గొట్టం నా భుజం మీద పడింది. ఇద్దరం కలబడి పత్తి చేలో దొర్లాం. నా నుదుటి మీద మానుతున్న గాయం పగిలి మళ్లీ రక్తం వచ్చింది. ఎవరో ఇద్దరు మమ్మల్ని విడదీశారు. అటు చూస్తే ఫోటోగ్రాఫరు కెమెరా దించి మూత పెట్టుకుంటున్నాడు. "ఇద్దరు మగాళ్లు కొట్టుకుంటే ఏముంది సార్, రోజూ ఉండేదేగా" అంటున్నాడు మేనేజరుతో.

ఆ తర్వాత నేను ఆ జీపెక్కలేదు. వారం లోపే అది కూడా వేరే జిల్లాకు వెళ్లిపోయింది. అక్కడ దాని మైకు ఏమందో తెలియదు. ఆ కౌలురైతు మళ్లీ పెళ్లాం మీద చెయ్యి చేసుకోలేదని కూడా నేను చెప్పను, చేసుకున్నాడని విన్నాను. రెండేళ్లకు ఆమె పిల్లల్ని తీసుకుని మా మేనత్త ఇంటి వెనక పాకలోకి వచ్చేసింది. పెద్దకర్మ నాడు నాకు అన్నం వడ్డించింది ఆమే.

కానీ మేనత్త పోయిందన్నప్పటి నుంచీ నా కళ్ల ముందు ఉంటున్నది ఆ చేలో చివరి పావుగంట. మమ్మల్ని విడదీశాక అందరూ డ్రమ్ము చుట్టూ నిలబడిపోయారు. మేనేజరు "ఎవరన్నా కాసిని నీళ్లు తెండయ్యా" అన్నాడు. యాభైమంది మగవాళ్లలో ఒక్కడూ కదల్లేదు. జీపు డ్రైవరును అడిగితే "నేను డ్రైవర్ని సార్" అన్నాడు. చివరికి కౌలురైతే పంపు దించి, తాను తన్నిన బిందెను వెతికి తీసుకుని కాలవకు వెళ్లాడు. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు. చంకన పెట్టుకుంటే జారింది. భుజం మీదికి ఎత్తుకుంటే వీపంతా నీళ్లు కారిపోయాయి. డ్రమ్ము దగ్గరికి వచ్చేసరికి సగం బిందె మిగిలింది, అది అడుక్కే సరిపోలేదు. అతను మళ్లీ కాలవకు బయల్దేరాడు.

గట్టు మీద ఎవరికో నవ్వు తన్నుకొచ్చింది.

"నవ్వగాకండే" అంది మా మేనత్త, రక్తం మింగుతూ. "నవ్వినా ఫోటో తీస్తాడు."

పాతికమంది ఆడవాళ్లూ నవ్వకుండా, కదలకుండా అతన్నే చూస్తూ కూర్చున్నారు. మా మేనత్త కుడిచెయ్యి ఒళ్లో పడి ఉంది. అది మళ్లీ మళ్లీ లేవబోతోంది. పక్కనున్నావిడ పిండికట్టు లేని తన ఎడమచేతిని దాని మీద వేసి, అది లేవకుండా గట్టిగా నొక్కి పట్టుకుంది.